మూడు కార్డులు, ఐదు ఖాతాలు: బిజినెస్ కార్డు, చార్జ్ కార్డు క్రెడిట్ రిపోర్టులో ఎలా పడ్డాయంటే

నా దగ్గర ఉన్న కార్డులు మూడు. క్రెడిట్ రిపోర్టులో, అంటే మన అప్పులు, వాటిని కట్టిన తీరు చూపే చిట్టాలో, కనిపించిన కార్డు ఖాతాలు ఐదు. గోడౌను లోనుకు ఫైలు పెట్టే ముందు ఈ తేడా తేల్చుకోవడానికి 2025 ఆగస్టు నుంచి నవంబరు దాకా పట్టింది. ఆ పనిలో ఏ కాగితం పనికొచ్చింది, ఏది తిప్పి పంపారు, రిపోర్టులో ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నవే ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత, మందుల షాపు. కంపెనీకి డబ్బు ముందు కట్టాలి, గుంటలో రొయ్యలు పట్టేదాకా రైతు దగ్గర పైసా రాదు. మధ్యలో మూడు నాలుగు నెలల అప్పు ఎక్కడో ఒకచోట నిలబడాల్సిందే. కొంత ఓవర్‌డ్రాఫ్టులో (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకోనిచ్చే బ్యాంకు అప్పు), కొంత కార్డులో నిలబడుతుంది. కార్డు గీకడం అందరికీ వచ్చు. అది రిపోర్టులో ఏ గడిలో పడుతుందో మాత్రం లోను అడిగే రోజు దాకా ఎవరూ చూడరు.

నా ఐదు ఖాతాల్లో మొదటిది సొంత క్రెడిట్ కార్డు, లిమిట్టు 1,50,000. రెండోది షాపు పేరు మీద బిజినెస్ క్రెడిట్ కార్డు, లిమిట్టు 5,00,000. మూడోది చార్జ్ కార్డు. దీనికి ముందే పెట్టిన లిమిట్టు ఉండదు, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేయాలి. నాలుగోది నేను 2021లోనే బయటికొచ్చేసిన భాగస్వామ్య సంస్థ కార్డు. అయిదోది రెండోదానికే పాత రూపం: పై రకం కార్డుకు మార్చినప్పుడు కొత్త నంబరుతో కొత్త ఖాతా తెరిచారు, పాతది మూయలేదు. మొదటి మూడూ నా పర్సులో ఉన్నవి, చివరి రెండూ ఉన్నాయని కూడా నాకు తెలియదు.

కార్డు మీద షాపు పేరు అచ్చయితే అది షాపు ఖాతా అనుకుంటాం. రిపోర్టుకు అచ్చుతో పనిలేదు. కార్డు ఏ పాన్ మీద ఇచ్చారు, బాకీ తీర్చే బాధ్యత ఎవరిదని రాసుకున్నారు, ఈ రెండే దాని చోటు నిర్ణయిస్తాయి. పాన్‌లో నాలుగో అక్షరం చూస్తే సగం సంగతి తేలిపోతుంది. పీ ఉంటే వ్యక్తి, ఎఫ్ ఉంటే భాగస్వామ్య సంస్థ, సీ ఉంటే కంపెనీ, హెచ్ ఉంటే హిందూ అవిభక్త కుటుంబం. ఒక్కడే యజమానిగా ఉన్న షాపుకు వేరే పాన్ ఉండదు. జీఎస్టీ నంబరు ఉన్నా, కరెంటు ఖాతా షాపు పేరుతో ఉన్నా, లోపల ఉన్నది యజమాని పాన్ ఒక్కటే. అందుకే నా బిజినెస్ కార్డు నేరుగా నా సొంత రిపోర్టులో పడింది. షాపు బాకీ, ఇంటి బాకీ అని అక్కడ గోడలేమీ లేవు. భాగస్వామ్య సంస్థ, కంపెనీ అయితే వాటి పాన్ మీద వాణిజ్య రిపోర్టు వేరే తయారవుతుంది. భాగస్వామి గానీ డైరెక్టరు గానీ సొంతంగా హామీ సంతకం పెట్టి ఉంటే అతని సొంత రిపోర్టులోనూ ఆ ఖాతా గ్యారంటార్ అన్న మాటతో దిగుతుంది.

ఆర్బీఐ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన కార్డుల మార్గదర్శకాల్లో బిజినెస్ కార్డును చార్జ్ కార్డుగా ఇవ్వొచ్చనీ, ఓవర్‌డ్రాఫ్టు లేదా క్యాష్ క్రెడిట్‌కు (సరుకు మీద ఇచ్చే అలాంటి అప్పు) తగిలించి కూడా ఇవ్వొచ్చనీ ఉంది. సంస్థ బాధ్యత ఎంత, ఉద్యోగి బాధ్యత ఎంత అన్నది స్పష్టంగా రాయాలనీ ఉంది. మనం చదవకుండా సంతకం పెట్టేసే కాగితాల్లో ఆ పేజీ ఒకటి. క్యాష్ క్రెడిట్‌కు తగిలించిన కార్డు చేతిలో ప్లాస్టిక్కే గానీ రిపోర్టులో కార్డుగా వెతికితే దొరకదు, మూల ఖాతా కిందే ఉంటుంది. ముద్రా కార్డుదీ అదే తీరు, అది ముద్రా లోను ఖాతాకు ఇచ్చే డెబిట్ కార్డు. కిసాన్ క్రెడిట్ కార్డు పేరులోనే కార్డు ఉంది గానీ రిపోర్టులో దానికి సొంత రకం ఉంది, క్రెడిట్ కార్డుల వరసలో కలవదు. 2018-19 నుంచి చేపలు, రొయ్యల సాగుకూ ఇస్తున్నారు కాబట్టి మా వైపు చాలామంది రిపోర్టుల్లో అది ఉంటుంది. దాన్ని చూసి “నాకు ఈ కార్డు ఎప్పుడిచ్చార్రా” అని కంగారు పడిన వాళ్ళూ ఉన్నారు.

రిపోర్టు తెచ్చుకోవడం పెద్ద పని కాదు. దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు వ్యక్తులకు ఉచితం. పాన్, మొబైల్ నంబరు, ఓటీపీ ఉంటే పది నిమిషాల్లో వస్తుంది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు (రిపోర్టును బట్టి మనకు వేసే మార్కు) తగ్గదు. నాలుగూ ఒకే రోజు తీయడం మాత్రం మంచిది కాదు. మన బ్యాంకు ఏ సంస్థది చూస్తుందో కనుక్కుని ముందు అది తీయండి. ఒకటో రెండో దాచుకుంటే దిద్దుబాటు తర్వాత సరిచూసుకోవడానికి పనికొస్తాయి. సిబిల్ రిపోర్టు పైన కంట్రోల్ నంబరు ఉంటుంది, అభ్యంతరం పెట్టేటప్పుడు అదే ఆనవాలు. రిపోర్టు రాగానే దాన్ని పక్కన రాసిపెట్టుకోండి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. మనం తీసుకున్న రిపోర్టులో ప్రతి ఖాతా పక్కన ఇచ్చిన బ్యాంకు పేరు ఉంటుంది. లోను ఇచ్చే బ్యాంకు తీసుకునే కాపీలో ఇతర బ్యాంకుల పేర్లు కనిపించవు, ఆ చోట వెల్లడించలేదు అన్న అర్థం వచ్చే ముక్క ఉంటుంది. అంటే ఎదురుగా కూర్చున్న అధికారికి అది ఏ కార్డో, చార్జ్ కార్డో మామూలు కార్డో తెలిసే దారి లేదు. ఖాతా రకం, లిమిట్టు, బాకీ, ఆలస్యపు రోజులు మాత్రమే అతనికి కనిపిస్తాయి.

రిపోర్టు చేతికొచ్చాక ఒక పెద్ద కాగితం మీద పట్టీ గీశాను. ఖాతా రకం, ఎవరి హోదాలో, తెరిచిన తేదీ, మూసిన తేదీ, క్రెడిట్ లిమిట్, హై క్రెడిట్, కరెంట్ బ్యాలెన్స్, ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ), డీపీడీ, రిపోర్ట్ చేసిన తేదీ: ఇన్ని గళ్ళు. హోదా గడిలో ఇండివిడ్యువల్, జాయింట్, గ్యారంటార్, ఆథరైజ్డ్ యూజర్ అన్న నాలుగింట్లో ఒకటి ఉంటుంది. చివరిది యాడ్ ఆన్ కార్డు, అంటే అసలు కార్డు మీద ఇంకొకరికి ఇప్పించే అదనపు కార్డు, వాడేవాళ్ళకు. మా బావమరిదికి నా కార్డు మీద యాడ్ ఆన్ ఉంది. అతను కొట్టించుకునే డీజిలు బాకీ కూడా నా లెక్కలోదే, తీర్చాల్సింది అసలు కార్డుదారుడే. హై క్రెడిట్ అంటే ఆ కార్డు మీద ఇప్పటిదాకా పడిన బిల్లుల్లో అన్నిటికంటే పెద్దది. డీపీడీ అంటే గడువు దాటిన రోజులు, 36 నెలలకు నెలకొక గడి. 000 ఉంటే సక్రమం, ఎస్‌టీడీ ఉన్నా సక్రమమే. ఎక్స్ఎక్స్ఎక్స్ ఉంటే ఆ నెల సమాచారం పంపలేదని అర్థం, భయపడాల్సింది కాదు. ఎస్‌ఎంఏ, ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అన్న అక్షరాలు (బాకీ మొండిదయ్యే మెట్లు ఇవి) కనిపిస్తే మాత్రం మిగతా పనులన్నీ ఆపి ముందు వాటి సంగతి చూడాలి.

ఖాతా రకాల్లో క్రెడిట్ కార్డు, సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు, కార్పొరేట్ క్రెడిట్ కార్డు, ఫ్లీట్ కార్డు, కార్డు మీద లోను ఇలా విడివిడిగా ఉన్నాయి. కార్డు మీద తీసుకున్న లోను వేరే ఖాతాగా పడొచ్చు, కార్డు ఒకటే కదా అని లెక్క తప్పకండి. నా బిజినెస్ కార్డు కార్పొరేట్ క్రెడిట్ కార్డుగా పడింది. చార్జ్ కార్డు మామూలు క్రెడిట్ కార్డు కిందే పడింది. మొత్తం తంటా అంతా ఆ ఒక్క గడిలో మొదలైంది.

చార్జ్ కార్డుకు లిమిట్టు లేదు కాబట్టి క్రెడిట్ లిమిట్ గడి ఖాళీగా ఉంది. హై క్రెడిట్ 5,10,000. కరెంట్ బ్యాలెన్స్ 4,62,300. ఓవర్‌డ్యూ సున్నా, డీపీడీ అన్నీ 000. ప్రతి నెలా పూర్తిగా కడుతున్న కార్డు అది. కానీ తెలిసిన బ్యాంకు అధికారి ఒకాయనకు చూపిస్తే ఆయన కళ్ళు బాకీ మీదే ఆగాయి. “ఏందన్నా ఇది, లిమిట్టు లేదు, బాకీ మాత్రం నాలుగున్నర లక్షలు దాటింది?” అన్నాడు. నెల్లూరు పోగతోటలో ఆయన టేబులు దగ్గరే లెక్క వేసి చూపించాడు. కార్డు బాకీలో 5 శాతం నెలసరి కట్టుబడిగా తీసుకోవడం లోను లెక్కల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. 4,62,300లో 5 శాతం అంటే 23,115. పదేళ్ళ లోనుకు 10 శాతం వడ్డీ అనుకుంటే లక్షకు నెలకు సుమారు 1,322 కిస్తీ. 23,115 కిస్తీ అంటే దాదాపు 17 లక్షల 49 వేల లోనుతో సమానం. అంటే నేను ఒక్క రోజు కూడా ఆలస్యం చేయని కార్డు, కాగితం మీద నా అర్హతలోంచి పదిహేడున్నర లక్షలు కోసేస్తోంది.

అమెరికాలో ఉన్న మావాళ్ళను అడిగితే “చార్జ్ కార్డు వాడకం శాతంలోకి రాదు, బిజినెస్ కార్డు సొంత రిపోర్టులోకే రాదు, ఊరుకో” అన్నారు. అక్కడ అది చాలావరకు నిజమే. అక్కడ స్కోరు కట్టే ఫైకో సంస్థ కొత్త లెక్కల్లో చార్జ్ కార్డును వాడకం శాతం (లిమిట్టులో ఎంత వాడామన్న లెక్క) నుంచి తీసేస్తారు, చాలా బ్యాంకులు బిజినెస్ కార్డు సక్రమంగా నడిచినంత కాలం యజమాని సొంత రిపోర్టుకు పంపవు. ఆ సలహా ఇక్కడికి తెచ్చి అతికించడానికి లేదు. ఇక్కడ ఒక్కడే యజమాని అయితే పాన్ ఒకటే, రిపోర్టూ ఒకటే. ఇక్కడి స్కోరు లెక్క లోపల ఏముందో ఏ సంస్థా బయటపెట్టదు కాబట్టి ఖాళీ లిమిట్టును యంత్రం ఎలా చదువుతుందో ఊహించడం మానేసి, మనిషి ఎలా చదువుతాడో దానికి తయారవడం మేలు.

చార్జ్ కార్డులో ఇంకో మెలిక ఉంది, ఇది డబ్బు లేని వాడికంటే తొందరలో ఉన్న వాడికి ఎక్కువ తగులుతుంది. మామూలు క్రెడిట్ కార్డులో కనీస మొత్తం కడితే వడ్డీ పడుతుంది గానీ ఖాతా గడువు దాటినట్టు కాదు. చార్జ్ కార్డులో కనీస మొత్తం అన్నదే లేదు, బిల్లు మొత్తమే కనీసం. 4,62,300 బిల్లుకు గుండుగుత్తగా 4,60,000 పంపి మిగతాది వచ్చే నెల చూద్దాంలే అనుకుంటే ఆ 2,300 గడువు దాటిన బాకీ. గడువు తేదీ తర్వాత మూడు రోజులు దాటితేనే రిపోర్టు చేయాలని ఆర్బీఐ రూలు ఉంది. మూడు రోజులు దాటాక మాత్రం రోజులు లెక్కపెట్టేది గడువు తేదీ నుంచే, నాలుగో రోజు నుంచి కాదు. చదివేవాడు ముందు చూసేది డీపీడీ గడినే. అందులో 030 ఉంటే దాని వెనకున్నది రెండు వేలా రెండు లక్షలా అని ఆగి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి చార్జ్ కార్డుకు పైసలతో సహా బిల్లు అంకె కట్టండి. నెఫ్ట్‌లో కడితే కార్డు నంబరే ఖాతా నంబరు. ఆఫీసు గుమాస్తాకు ఆ పని ఇస్తే అన్ని కార్డులకూ 16 అంకెలే ఉంటాయనుకుంటాడు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుకు ఉండేవి 15. ఒక్క అంకె తేడా వస్తే డబ్బు తిరిగొచ్చేలోపు గడువు పోతుంది.

ఇక బాకీ అంకె సంగతి. నేను ఈ పని చేసేనాటికి ఉన్న రూలు ప్రకారం, 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు నెలకు రెండుసార్లు సమాచారం పంపాలి, 15వ తేదీ నాటిది ఒకసారి, నెలాఖరు నాటిది ఒకసారి. పంపడానికి వాళ్ళకు 7 రోజులు, ఎక్కించుకోవడానికి క్రెడిట్ సంస్థకు 5 రోజులు. అంటే 15 నాటి బాకీ ఎంత ఆలస్యమైనా 27కల్లా రిపోర్టులో ఉండాలి. నా చార్జ్ కార్డుకు బిల్లు 10న పడుతుంది, గడువు 28. నేను ఎప్పుడూ 27న కట్టేవాణ్ణి. కాబట్టి 15న బిల్లు మొత్తం అలాగే కూర్చుని ఉండేది, పైగా 11 నుంచి 15 దాకా వాడింది అదనం. నెలాఖరుకు పాత బిల్లు పోయినా 11 తర్వాత ఎత్తిన మేత బాకీ నిలబడి ఉండేది. సమయానికి కడుతున్నాను కదా, రిపోర్టులో బాకీ ఎందుకుంది అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. రిపోర్టు గడువు తేదీని చూడదు, ఆ రెండు తేదీల్లో ఎంత ఉందో అంతే చూస్తుంది.

బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వెసులుబాటు కార్డుదారుడికి ఇవ్వాలని రూలు ఉంది. బిల్లు తేదీ జరిపితే సరిపోతుందేమో అని నేనూ చూశాను. జరిపినంత మాత్రాన ఈ అంకె పెద్దగా మారదు, 15, నెలాఖరు కదలవు గదా. చేయాల్సింది వేరు. బిల్లు పడ్డ వెంటనే 12లోపు మొత్తం కట్టేసి, 16 దాకా కార్డు ముట్టకుండా ఉండాలి. డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి 14న కట్టి 15కు దిగాలంటే కుదరకపోవచ్చు. లోనుకు ముందు రెండు లెక్కలు, అంటే ఒక నెలాఖరు, ఒక 15, ఇలా నడిపితే చాలు. ఆ కొద్ది రోజులకు మేత బిల్లును కరెంటు ఖాతా నుంచి కట్టాను. షాపులో చేయి ఆడని మాట నిజమే, అందుకే రొయ్యల పట్టుబడులు నడిచే నెల చూసి పెట్టుకున్నాను.

మేత కంపెనీల్లో కార్డు తీసుకోని వాటికి మధ్యలో ఒక యాప్ ద్వారా బిజినెస్ కార్డుతో కట్టే ఏర్పాటు ఒకటి నడిచేది. 2024 ఫిబ్రవరిలో ఆర్బీఐ అలాంటి ఏర్పాటును ఆపమంది. అప్పుడు ఇరుక్కున్న వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా ఇప్పుడు అదే పద్ధతి చెప్తుంటే ముందు తమ బ్యాంకును అడగడం మంచిది.

అయిదో ఖాతా, మూయని పాత కార్డు, చిన్న అంకెతో పెద్ద నష్టం చేయబోయింది. పాత కార్డు మీద వార్షిక రుసుము 999, దాని మీద 18 శాతం జీఎస్టీ 179.82, మొత్తం 1,178.82 పడింది. బిల్లు ఎప్పుడో వాడడం మానేసిన మెయిల్‌కు పోయింది. గడువు మే 24. రిపోర్టులో మే గడిలో 007, జూన్‌లో 037, జులైలో 068 ఉన్నాయి. ఆగస్టు 14న నేను చూశాను. ఇంకో తొమ్మిది రోజులు గడిస్తే 90 దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) లెక్కలోకి పోయేది. ఇలాంటి చోట న్యాయం ఎవరిది అని తర్వాత తేల్చుకోండి, ముందు కట్టేయండి. అభ్యంతరం పెట్టినంత మాత్రాన రోజుల లెక్క ఆగదు. నేను అదే రోజు కట్టి, యూటీఆర్ నంబరు (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే ఆనవాలు) పెట్టి, రుసుము వాపసు, డీపీడీ సవరణ రెండూ ఒకే మెయిల్‌లో అడిగాను. నా చేతిలో ఉన్న బలం ఒక్కటే: కార్డు మార్చినప్పుడు పాతది మూసేయమని నేను పంపిన మెయిల్. బాకీ లేకపోతే మూసివేత అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు కార్డుదారుడికి ఇవ్వాలి. ఫోనులో చెప్పి వదిలేసిన వాళ్ళకు ఈ రూలు ఉన్నా ఒరిగేదేమీ లేదు. రాతలో ఉండాలి, తేదీ ఉండాలి, ఫిర్యాదు నంబరు ఉండాలి. మూసిన సమాచారం రిపోర్టులోకి కూడా వచ్చిందో లేదో విడిగా చూసుకోవాలి.

భాగస్వామ్య సంస్థ కార్డు అన్నిటికన్నా ఎక్కువ తిప్పింది. నేను సంస్థలో ఉన్నప్పుడు బ్యాంకులో సంతకం చేసే అధికారం నాకుండేది, కార్డు దరఖాస్తులో నా పాన్ ఇచ్చాం. ఆ బ్యాంకు ఖాతాను సంస్థ పాన్ మీద కాకుండా నా పాన్ మీద, ఇండివిడ్యువల్ హోదాలో ఎక్కించింది. 2021లో నేను బయటికొచ్చాను, మిగతావాళ్ళు కార్డు వాడుతూనే ఉన్నారు. రిపోర్టులో నా నెత్తిన 2,14,600 బాకీ.

మొదట చేసిన పొరపాటు ఇక్కడే. ఆన్‌లైన్ అభ్యంతరంలో “ఈ ఖాతా నాది కాదు” అన్న వరస ఎంచుకున్నాను. క్రెడిట్ సంస్థ తనంతట తాను ఏ అంకె మార్చదు, ఇచ్చిన బ్యాంకుకు పంపి అడుగుతుంది. బ్యాంకు తన పుస్తకంలో పాన్ చూసింది, నాదే ఉంది. “సమాచారం సరిగానే ఉంది” అని తిప్పి పంపింది. వాళ్ళ వైపు నుంచి అది అబద్ధం కాదు. ఖాతా నాది కాదనడం వేరు, హోదా తప్పనడం వేరు. రెండోసారి హోదా గడినే పట్టుకుని, కాగితాలతో రాశాను. దాదాపు ఇలా:

“నా రిపోర్టు కంట్రోల్ నంబరు ఇది. ఖాతా చివరి నాలుగు అంకెలు ఇవి. ఖాతా రకం కార్పొరేట్ క్రెడిట్ కార్డు. హోదా గడిలో ఇప్పుడున్నది ఇండివిడ్యువల్. ఈ కార్డు ఫలానా సంస్థకు ఇచ్చినది, సంస్థ పాన్ ఇది. నేను అప్పట్లో సంతకం అధికారం ఉన్న భాగస్వామిని మాత్రమే, ఈ తేదీన వైదొలిగాను. ఖాతాను సంస్థ పాన్ కిందికి మార్చి నా రిపోర్టు నుంచి తీసివేయాలి. జతచేసినవి: కార్డు మంజూరు పత్రం, భాగస్వామ్య పత్రం, వైదొలిగిన పత్రం, బహిరంగ ప్రకటన నకలు.”

ఆ చివరి కాగితం గురించి కాస్త చెప్పాలి. 1932 భాగస్వామ్య చట్టం 32వ సెక్షను ప్రకారం, భాగస్వామి వైదొలిగినా బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ళ దృష్టిలో బాధ్యత మిగిలే ఉంటుంది. రిజిస్టరైన సంస్థ అయితే ఆ ప్రకటన రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేయాలి, గెజిట్‌లో రావాలి, ఆ జిల్లాలో తిరిగే ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. మా వైపు వందరూపాయల పత్రం మీద రాసుకుని, కాఫీలు తాగి, చేతులు దులుపుకునే అలవాటే ఎక్కువ. నా అదృష్టం, మా ఆడిటరు పట్టుబట్టి అప్పుడే ప్రకటన వేయించాడు. అది లేకపోతే బ్యాంకు నా మాట వినాల్సిన పని లేదు. హామీ సంతకం పెట్టిన వాళ్ళకు ఈ ప్రకటన కూడా చాలదు. హామీ నుంచి విడుదల చేస్తున్నట్టు బ్యాంకు ఇచ్చే ఉత్తరం వేరే కావాలి, అది ఇవ్వాలంటే కొత్త హామీదారుణ్ణి అడుగుతారు.

ఆ ఉత్తరాన్ని రెండు చోట్లకు పంపాను, క్రెడిట్ సంస్థ ఆన్‌లైన్ ఫారంలో ఒకటి, కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఒకటి. దిద్దాల్సింది బ్యాంకు పుస్తకంలోనే. బ్యాంకు నాలుగు సంస్థలకూ సమాచారం పంపుతుంది కాబట్టి మూలంలో దిద్దితే నాలుగింటికీ సరైనది పోవాలి. పోయిందో లేదో మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే. నాకు రెండో సంస్థ రిపోర్టులో పాత అంకె ఇంకో రెండు లెక్కల దాకా నిలిచింది.

గడువులు ఇలా ఉన్నాయి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేలాలి. అందులో బ్యాంకుకు 21 రోజులు. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, ఆలస్యం ఎవరి వల్ల అయితే వాళ్ళు ఇవ్వాలి. 2023 అక్టోబరులో ఆర్బీఐ ఇచ్చిన ఉత్తర్వు ఇది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పరిహారం జమ కావడానికి ఫిర్యాదులోనే బ్యాంకు ఖాతా గానీ యూపీఐ ఐడీ గానీ ఇవ్వాలి, చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. అభ్యంతరం తిరస్కరిస్తే కారణం చెప్పాలనీ అదే ఉత్తర్వులో ఉంది. 30 రోజులు దాటినా, జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) రాయొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సంస్థలు కూడా దాని కిందికి వచ్చాయి. నాకు అక్కడిదాకా పోయే అవసరం పడలేదు. రెండో ఉత్తరానికి 26వ రోజున జవాబొచ్చింది. అభ్యంతరం నడుస్తున్నన్నాళ్ళూ ఆ ఖాతా పక్కన వివాదంలో ఉన్నట్టు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉండగా లోను ఫైలు పెడితే అధికారి దాన్ని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ, అందుకే నేను ఆగాను.

సంస్థ పాన్ మీద వచ్చే వాణిజ్య రిపోర్టు చూసిన వాళ్ళు అందులో 300 నుంచి 900 మధ్య స్కోరు వెతకొద్దు. సిబిల్‌లో సంస్థలకు 1 నుంచి 10 దాకా ర్యాంకు ఉంటుంది, 1 అన్నిటికన్నా మంచిది.

చార్జ్ కార్డుకు దిద్దాల్సిన తప్పేమీ లేదు, లిమిట్టు గడి ఖాళీగా ఉండటం ఆ కార్డు స్వభావం. దానికి కాగితం తయారు చేశాను: పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు, ప్రతి బిల్లు పక్కన కరెంటు ఖాతాలోంచి పూర్తి మొత్తం పోయిన వరస పసుపు రంగుతో గీసి, ఏ కంపెనీకి ఎంత మేత కొన్నానో జీఎస్టీ బిల్లులతో జత. పైన అర పేజీ వివరణ: ఇది చార్జ్ కార్డు, వాయిదా సదుపాయం లేదు, బాకీ సరుకు కొనుగోలుది, నెలనెలా పూర్తిగా తీరుతోంది. కొనుగోలు ఖర్చు ఎలాగూ లాభనష్టాల పట్టీలో ఉంటుంది. అదే డబ్బును మళ్ళీ కార్డు కిస్తీగా తీసేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. అధికారికి ఇదే వాక్యం బాగా ఎక్కింది.

అక్టోబరు 31 లెక్కకూ, నవంబరు 15 లెక్కకూ కార్డు ఖాళీ చేసి ఉంచాను. 27న తీసిన రిపోర్టులో తెరిచి ఉన్న కార్డు ఖాతాలు మూడే. పాత కార్డు మూసిన తేదీతో కిందికి పోయింది, దాని మూడు డీపీడీ గళ్ళలో 000 వచ్చింది. చార్జ్ కార్డు కరెంట్ బ్యాలెన్స్ 1,840. ఆ 1,840 ఏందా అని చూస్తే 14 రాత్రి బావమరిది యాడ్ ఆన్ మీద కొట్టించిన డీజిలు. శుక్రవారం 28న ఫైలు పెట్టాను. అధికారి కార్డుల వరసలో అందులో 5 శాతం, 92 రూపాయలు, రాసుకుని పేజీ తిప్పాడు.